బస్సు వేస్తే గొడవలొస్తాయా?

ప్రశ్న: నమస్తే అండి. మాది సింగ్‌నగర్ దాటాక బాగా లోపలికి ఉండే కాలనీ, అందరం కూలి పనులకీ షాపులకీ పోయేవాళ్ళమే. నేను బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేస్తాను. రాత్రి షాపు కట్టేసేసరికి మావైపు బస్సు ఉండదు, షేర్ ఆటోలో కొంత దూరం వచ్చి మిగతాది నడకే. బస్సు కోసం అర్జీ పెడదామనుకుంటున్నా అంటే మా ఓనరు గారు "మీవైపు కుర్రాళ్ళు టౌన్లోకి దిగితే గొడవలే" అన్నారు. బాధేసింది. పేదోళ్ళ ఏరియాకి బస్సు వేస్తే నిజంగా గొడవలు పెరుగుతాయా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లేదమ్మా, చాలాచోట్ల జరిగింది దీనికి రివర్స్. 1965 ఆగస్టులో అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లో వాట్స్ అనే నల్లజాతి వాళ్ళ పేట గొడవల్లో తగలబడింది, 34 మంది పోయారు. మొదలైంది ఒక కుర్రాడి అరెస్టు దగ్గరే, కానీ తర్వాత వేసిన మెకోన్ కమిషన్ ఉద్యోగాలు, స్కూళ్ళు, పోలీసుల సంగతితో పాటు బస్సుల గురించి కూడా రాసింది, పనులున్న చోటికి ఆ పేట నుంచి వెళ్ళాలంటే బస్సులు సరిగ్గా లేవు, ఉన్నవాటికి చార్జీలెక్కువ అని. పని ఎక్కడో ఉంది, మనిషి ఇక్కడ ఉన్నాడు, వెళ్ళే దారి లేదు, ఇంక ఆ మనిషి ఏం చెయ్యాలి చెప్పండి.

అమెరికాలోనే బాల్టిమోర్ అనే ఊరి సంగతి మీ ఓనరు గారికి తప్పకుండా చెప్పండి. 2015 ఏప్రిల్ 27న గొడవలవుతాయనే భయంతో మొండామిన్ మాల్ దగ్గర బస్సులూ మెట్రో ఆపేశారు, అదేమో స్కూలు వదిలే టైము, పిల్లలు రోజూ బస్సు మారేది అక్కడే, ఇంటికి పోయే దారి లేక రోడ్డు మీద ఇరుక్కుపోయారు, ఎదురుగా పోలీసులు, కాసేపటికి రాళ్ళు మొదలయ్యాయి.

చార్జీలదీ అదే కథ. 1953లో కలకత్తాలో ట్రామ్ టికెట్ ఒక్క పైస పెంచితే ఊరు అట్టుడికింది, పెంపు ఆపాల్సొచ్చింది. 2019లో చిలీ రాజధాని శాంటియాగోలో మెట్రో టికెట్ 30 పెసోలు పెంచితే స్టేషన్లు తగలబెట్టేదాకా పోయింది, అక్కడా వెనక్కి తగ్గారు. పెరిగింది కొంచెమే, కానీ జీతం చాలనివాడికి అది రోజూ రెండుసార్లు తగిలే దెబ్బ, అంతకుముందు నుంచీ ఉన్న కోపమంతా అక్కడ బయటపడింది. తగలబెట్టడం మాత్రం తప్పే, మర్నాడు ఆ బస్సు లేక నడిచేది కారున్నవాళ్ళు కాదుగా.

అన్నిటికీ బస్సే కారణం అని కూడా నేననను. మన బెజవాడలో 1988 డిసెంబర్లో రంగా గారి హత్య తర్వాత కర్ఫ్యూ పెట్టేదాకా వెళ్ళిందే, దానికీ బస్సు రూట్లకీ సంబంధం లేదు, అది రాజకీయం. డబ్బు లేనంత మాత్రాన ఎవరూ రాళ్ళు పట్టుకోరు, మీ కాలనీని అలా అనడం అన్యాయం.

అర్జీ పెట్టండి. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ ఫ్రీ, సంతోషమే, కానీ మీవైపు రాత్రి బస్సే రాకపోతే ఆ ఫ్రీ మీకెందుకు? షాపు కట్టే టైము, చివరి బస్సు టైము, మీ కాలనీ నుంచి టౌన్‌కి పనికొచ్చే ఆడవాళ్ళు ఎంతమందో రాసి అందరి సంతకాలతో డిపో మేనేజర్‌కి ఒక కాపీ, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒక కాపీ ఇవ్వండి, రసీదు తీసుకోవడం మర్చిపోకండి. మీ ఓనరు గారి సంతకం కూడా అడగండి, రాత్రిదాకా పనిచేసేది ఆయన షాపులోనే కదా.