అరచెయ్యంత సందు

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేసి గ్రానైట్ ఎగుమతి మొదలుపెట్టావని, మొదటి కంటైనర్ వచ్చే నెలలోనే చెన్నై హార్బర్‌కి పోతుందని చెప్పి, "నువ్వన్నా చెప్పన్నా దానికి" అని ఒకటే ఏడుపు. నేను ఏడవలేదు గానీ నిద్ర మాత్రం పట్టలేదు. ముప్పై ఏళ్లు చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ చూసినవాణ్ణి, నా మేనకోడలు సొంతంగా రాయి పంపుతోందంటే గర్వంగా ఉండదా? ఉంది. భయం కూడా ఉంది, అది ఎందుకో నీకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

ముందు చిన్న సంగతులు అయిపోనీ. కాగితాలు సీహెచ్‌ఏ, అదే మన కస్టమ్స్ ఏజెంటు, చూసుకుంటాడు. తూకం మాత్రం నువ్వే దగ్గరుండి వేయించు, 2016 జులై నుంచి తూకం కాగితం లేకుండా కంటైనర్‌ని ఓడ ఎక్కించరు, ఉజ్జాయింపుగా రాసిస్తే కుదరదు. క్రేట్ చెక్కకి హీట్ ట్రీట్‌మెంట్ ముద్ర ఉండాలి, అంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి అరగంట తగిలిందని అర్థం; అమ్మేవాడు "అంతా చేసిందే మేడమ్" అంటాడు, నువ్వు ముద్ర కళ్లతో చూడు. పచ్చి మామిడి చెక్క చవగ్గా వస్తుంది, ఆశపడొద్దు. దారిలో ఎండి కుంచించుకుపోయి, ఇక్కడ బిగించిన ఇనుప పట్టీ అక్కడికి పోయేసరికి లొడలొడ ఊగుతుంది. తెల్లరాయి అయితే ఆ తడిచెక్క మరక కూడా దిగుతుంది, మళ్లీ పాలిష్ పెట్టినా పోదు. పాలిష్ ముఖాలు రెండూ ఎదురెదురు, మధ్యలో ప్లాస్టిక్ షీటు. ఇది మీ పనివాళ్లకి నాకంటే బాగా తెలుసు.

కంటైనర్ రాగానే లోపలికెళ్లి తలుపులు మూయించి చీకట్లో ఒక నిమిషం నిలబడు. ఎక్కడైనా సూదంత వెలుతురు కనిపించిందా, ఉప్పునీళ్లు వచ్చేది అక్కణ్ణించే. వెనక్కి పంపెయ్, మొహమాటపడకు.

ఇప్పుడు అసలు సంగతి.

1997 నవంబర్. మూడు రోజులుగా వాన. రాత్రి పదకొండుకల్లా లారీ కదలకపోతే ఓడ తప్పిపోతుంది, మా మేనేజర్ గేటు దగ్గర వాచీ చూసుకుంటూ తిరుగుతున్నాడు. సరుకు కుప్పం గ్రీన్ అనే ఆకుపచ్చ గ్రానైట్. తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు, రెండు సెంటీమీటర్ల మందం, ఒక్కో పలక 220 కిలోల పైమాటే. పదేసి పలకలు నిలబెట్టి కట్టిన బండిల్ రెండుంబావు టన్నులు. అన్నీ ఎక్కించాం, చివరి రెండు బండిళ్ల మధ్య అరచెయ్యంత సందు మిగిలింది. అడ్డుచెక్కలు అయిపోయాయి, వడ్రంగి సాయంత్రమే ఇంటికి పోయాడు. నేనేం చేశానంటే, గోనెసంచుల్లో వరిగడ్డి కూరి ఆ సందులో కుక్కాను. కాలితో తన్ని మరీ కుక్కాను. తట్టి చూస్తే గట్టిగానే ఉంది, సీల్ వేయించేశాను.

రాణిపేట మీదుగా చెన్నైదాకా రోడ్డు కుదుపులకి ఏమీ కాలేదు. ఓడ వేరే అమ్మణ్ణీ. ఇటు వాలుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, అటు వాలుతుంది, రాత్రనక పగలనక వారాల తరబడి అదే పని. 2014లో ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి కంటైనర్ సర్దడానికి నియమావళి ఒకటి తెచ్చాయి, నడిసముద్రంలో సరుకు బరువులో 80 శాతం దాకా పక్కకి తోపు ఉంటుందని లెక్క వేసుకోమంటుంది. నా బండిల్‌కి ఆ లెక్కన 1,800 కిలోలు. దానికి నేను అడ్డం పెట్టింది వరిగడ్డి.

గడ్డి నలిగి పొడి అయిపోయింది, సందు పెరిగింది, కింద చెక్కల మేకులు ఊడాయి. చేరేసరికి ఆ బండిల్ పక్కదాని మీద ఒరిగి, కేవలం పట్టీ బలం మీద నిలబడి ఉంది. దించే మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పట్టీ కోశాడు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది, నాలుగు ఫోటోలతో. మూడింటిలో పగిలిన పలకలు. నాలుగోదాంట్లో పలకల పక్కన ఒక నల్ల రబ్బరు బూటు, మడమ మీద పసుపు గీత. ప్రాణం దక్కింది, కాలు పోయింది అని రాశారు. పేరు రాయలేదు. మేనేజర్ పోయిన డబ్బు గురించి నన్ను నానా తిట్లూ తిట్టాడు, ఆ కాలు గురించి మాత్రం ఫ్యాక్టరీలో ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు.

నీకు గుర్తుందో లేదో, ఆరేళ్లప్పుడు నా బీరువాలో ఆ ఫోటో చూసి "మామా, రెండో బూటు ఏదీ?" అన్నావు. గమ్మునుండమని కసిరాను. సాయంత్రం బజారు నుంచి పాలకోవా తెచ్చిచ్చింది అందుకే.

కాబట్టి సందు వదలొద్దు. అడ్డుచెక్కలు లెక్కకంటే ఓ పది ఎక్కువే కోయించి పెట్టుకో, లోడింగ్ అయ్యేదాకా వడ్రంగిని ఇంటికి పంపొద్దు, భోజనం నువ్వే పెట్టించు. అడ్డుచెక్కల పోటు కంటైనర్ మూల స్తంభాలకి, అడుగుకి ఆనాలి, పక్క రేకుకి ఒకేచోట ఆనిస్తే రేకు లోపలికి పోతుంది. సందులో పెట్టి ఉబ్బించే గాలి సంచులు ఉన్నాయిగా మామా అంటావేమో, రాయి దగ్గర నేను వాటిని నమ్మను. మనవాళ్లు కూడా ఎవ్వరూ, ఎంత తొందరైనా సరే, బండిల్‌కీ గోడకీ మధ్య నిలబడకూడదు. వీడియోలు చూసి అంతా నేర్చుకున్నానని మీ అమ్మతో అన్నావట. తెలివైనదానివే, కాదన్లేదు, కానీ వీడియోలో రాయికి బరువుండదు.

ఇంకొకటి, ఇది ఎవరూ అడగరు, నువ్వు చెయ్యి. లోపల సర్దిన ప్రతి వరసా ఫోటో తీసి కొనేవాళ్లకి ముందే పంపు. తలుపు తీయగానే కనపడేలా ఎర్ర పెయింట్‌తో, ఇంగ్లీషులోనూ వాళ్ల భాషలోనూ రాయించు: "పలకలకి ఆసరా పెట్టాకే పట్టీ కోయండి." ఖర్చు ఒక డబ్బా పెయింట్.

లోడింగ్ ఏ రోజో చెప్పు, తిరుపతిలో పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను. చీకట్లో చిల్లులు చూసే పని నాది, పోయినేడు కంటి ఆపరేషన్ అయ్యాక నాకు అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. బయట గడియ దగ్గర మాత్రం నువ్వే నిలబడు, ఇంకెవరికీ అప్పజెప్పకు.

మీ మామ