పాత బుల్లెట్ ముందు డ్రమ్ బ్రేకు పట్టడం లేదంటే తప్పు ఆ రకం బ్రేకుది కాదు

1970ల నాటి బుల్లెట్‌ని ట్రయల్స్ బండిలా (రాళ్లూ గుట్టలూ మెల్లగా ఎక్కే పోటీల బండిలా) తయారుచేసి ఎస్.కోట దాటాక అనంతగిరి వైపు కొండదారుల్లో తిప్పాలనుకుంటున్నానన్నారు. ముందు బ్రేకు పేరుకే ఉంది, డిస్కు పెట్టించాలా, రెండు లివర్ల ప్లేటు వెతకాలా అని అడిగారు. నన్నడిగితే రెండూ వద్దు.

ముందు మీ బండికున్నది ఏ రకమో చూసుకోండి. బ్రేకు ప్లేటు బయట లివరు ఒక్కటే ఉంటే లోపల కామ్ (షూలని, అంటే డ్రమ్ము లోపలి గోడని రాసే వంపు ముక్కలని, విడదీసి ఒత్తేది) ఒక్కటే, లీడింగ్ షూ (చక్రం తిరుగుడుకే డ్రమ్ములోకి లాక్కుపోయే షూ) కూడా ఒక్కటే. లివర్లు రెండుండి, వాటిని కలుపుతూ సన్నటి రాడ్డు ఉంటే రెండు షూలూ లీడింగే. ఈ రెండోది తారు రోడ్డు మీద బ్రహ్మాండంగా పట్టుకుంటుంది, ఎందుకంటే చక్రం తిరుగుడే షూలని డ్రమ్ములోకి లాక్కుంటుంది. అదే చక్రం వెనక్కి తిరిగిందా, రెండు షూలూ పట్టు చాలావరకు వదిలేస్తాయి. రాళ్ల మీద ముక్కు పైకెత్తి ఆగాల్సిన ట్రయల్స్ బండికి అంతకన్నా ప్రమాదం లేదు. ఒక్క లివరు బ్రేకు ముందుకైనా వెనక్కైనా ఒకేలా ఆపుతుంది. మీకు కావలసింది అదే.

అది పట్టకపోవడానికి అసలు కారణం షూ గుండ్రం, డ్రమ్ము గుండ్రం కలవకపోవడం. లైనరు (షూ మీది రాపిడి పట్టీ) మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి, చక్రం బిగించి, బ్రేకు కొద్దిగా పట్టి నాలుగు చుట్లు తిప్పి విప్పి చూడండి. చాలా బళ్లలో మధ్యలో రెండు వేళ్ల వెడల్పే సుద్ద చెరిగి ఉంటుంది. మిగతా లైనరంతా ఊరికే మోస్తున్న బరువు. కొత్త షూలు పెట్టెలోంచి తీసి అలాగే బిగించేసి, కేబుల్ లాగి పంపేసే పని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఘాట్ దిగేటప్పుడు ఆ రెండు వేళ్ల మేరే కాలి, గాజులా మెరిసి, బ్రేకు జారిపోతుంది.

లేతు పని డ్రమ్ముతో మొదలుపెట్టాలి. చక్రం చువ్వలతో సహా, చువ్వలన్నీ సరిగ్గా బిగించాకే లేతు ఎక్కించాలి. చువ్వల లాగుడుకే డ్రమ్ము కోలగా మారుతుంది కాబట్టి విడి హబ్బుని (చువ్వలు లేని చక్రం మధ్య భాగాన్ని) తిప్పించడం డబ్బు దండగ. టైరు తీసేసినా 19 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకి అర మీటరు పైనే ఉంటుంది. మామూలు లేతు మీద పట్టదు, విజయనగరంలో గ్యాప్ బెడ్ లేతు (పెద్ద చక్రం పట్టేలా కింద ఖాళీ ఉన్నది) ఉన్న షాపు ఏదో కనుక్కుని వెళ్లండి. ఎగుడుదిగుడు 0.1 మి.మీ. లోపుకి వస్తే చాలు, అంతకు మించి లోహం తీయించకండి.

తరవాత షూలు. డ్రమ్ము పెద్దదయింది కాబట్టి దళసరి లైనర్లు వేయించండి. షూలని ప్లేటుకే బిగించి, కామ్‌కీ షూ చివరలకీ మధ్య ఒక్కో వైపు 0.5 మి.మీ. రేకు పెట్టి, ప్లేటు మధ్య రంధ్రాన్ని ఆధారంగా చేసుకుని లేతు మీద తిప్పించాలి. డ్రమ్ము లోపలి కొలత కన్నా 0.2 మి.మీ. తక్కువకి వచ్చాక ఆపి, రేకులు తీసేయండి. లైనర్ల రెండు అంచులూ ఓ 4 మి.మీ. మేర ఏటవాలుగా అరగదీస్తే కీచుమనడం, గుంజడం ఉండవు. రివెట్లయితే వాటి తలలు లైనరు లోపలికి దిగి ఉండాలి. పాత లైనర్లలో ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడిని గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. గ్రీజు తాగిన లైనరుని పెట్రోలుతో కడిగి మళ్లీ వాడేవాళ్లున్నారు. వేడెక్కగానే లోపలి గ్రీజు మళ్లీ పైకొస్తుంది, దాన్ని పారేయడమే. గ్రీజు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడండి, సాధారణంగా బేరింగు సీలు పోయి ఉంటుంది.

బిగించేటప్పుడు ఇరుసు నట్టు వదులుగా ఉంచి, బ్రేకు గట్టిగా పట్టి, పట్టి ఉండగానే నట్టు బిగించండి. ప్లేటు తనంతట తానే మధ్యకి వస్తుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు లివరుకీ కేబుల్‌కీ మధ్య 90 డిగ్రీలు ఉండాలి. లివరు అది దాటి పోతోందంటే పట్టు తగ్గుతున్నట్టే, స్ప్లైను (లివరు కూర్చునే కామ్ చివరి పళ్లు) మీద ఒక పన్ను వెనక్కి వేసుకోండి. కేబుల్ పై తొడుగు మెత్తగా ఉంటే మీ చేతి బలమంతా దాన్ని నొక్కడానికే పోతుంది. పైగా భీమిలి, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి లోపలి తీగ తుప్పు పడుతుంది. కేబుల్ దళసరిదే కొనండి, ఏటా మార్చండి.

మొదటి 200 కిలోమీటర్లు కొండ జోలికి పోకండి. చదును రోడ్డు మీద మెల్లగా పట్టి వదులుతూ నడిపి, మళ్లీ సుద్ద గీసి చూడండి. లైనరులో ముప్పాతిక వంతు చెరిగితే ఏటవాలు మీద బండి ముక్కు పైకి పెట్టి, వెనక బ్రేకు వదిలేసి, ముందు బ్రేకు ఒక్కటే రెండు వేళ్లతో పట్టండి. బండి వెనక్కి జారకపోతే అనంతగిరి ఎక్కించవచ్చు.