విహార పడవల చదువుకు వెళ్తానన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ వెళ్లి విహార పడవల డిజైన్ చదువుతానన్నావట. సరదా షికార్లకు డిగ్రీ ఎందుకని మీ అమ్మ నిన్న ఫోనులో గంటసేపు నన్ను దులిపేసింది, ఆ కోర్సు నేనే పెట్టినట్టు.

ముందు ఆ సరదా సంగతి చూద్దాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది విహార పడవే. చేపల వేటకు వెళ్లేవాడికి నీటి పోకడ తెలుసు. పాపికొండలు చూడటానికి పిల్లలతో ఎక్కినవాళ్లకు ఏం తెలుస్తుంది? వాళ్ల తెలియనితనాన్ని కూడా పడవే మోయాలి. యూరప్ చట్టం 2.5 నుంచి 24 మీటర్ల దాకా పొడవున్న విహార పడవలను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేసింది. డి తరగతికి 0.3 మీటర్ల అల వరకే అనుమతి, సి తరగతికి 2 మీటర్ల దాకా. చెరువు కోసం కట్టిన పడవను రుషికొండ అలల్లోకి దింపకూడదని తేల్చే లెక్క అది. నువ్వు చదవబోయేది ఆ లెక్కనే. ఈ మాట మీ అమ్మకు చెప్పు.

కాబట్టి చదువు. కానీ ఇంటర్ కాగానే విమానం ఎక్కకు. అక్కడి సోలెంట్ యూనివర్సిటీకి యాట్, అంటే విహార పడవల డిజైన్‌లో పేరుంది, కాదనను. అయితే ఫీజూ, ఇంటద్దె కూడా పౌండ్లలో కట్టాలి. ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లోనూ నేవల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడల డిజైన్ బీటెక్ ఉంది. అక్కడ చెప్పేది ఎక్కువగా పెద్ద ఓడల గురించే, నీకు నచ్చే తెరచాప పడవల గురించి కాదు. అయినా ఒరిగిన పడవ మళ్లీ ఎందుకు లేస్తుందో చెప్పే సూత్రం ఓడకూ తెప్పకూ ఒక్కటే. యాట్ కోసం పై చదువుకు వెళ్దువుగాని. ఇంకో మాట, చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం మొదట మానుకునేది విహార పడవలనే. అప్పుడు షిప్‌యార్డు తలుపు తట్టడానికి ఈ బీటెక్ పనికొస్తుంది.

ఇక పుస్తకంతో అబ్బనిది ఒకటుంది. ఈ పడవల్లో చాలావాటి ఒళ్లు ఫైబర్, అంటే గాజు నారను రెజిన్ అనే జిగురుతో గట్టిపరిచినది. మోల్డుకు, అంటే పడవ అచ్చుకు మైనం పట్టించి మెరుగు పెట్టాలి. దానిమీద అర మిల్లీమీటరు మందాన జెల్‌కోటు, అంటే పడవకు పైకి కనిపించే నున్నటి పొర. ముట్టుకుంటే జిగురుగా ఉండి, వేలికి మాత్రం అంటని దశ ఒకటి వస్తుంది. అప్పుడు గాజు నార మ్యాట్ పరిచి, రెజిన్‌తో తడిపి, రోలరుతో గాలి బుడగలను తరమాలి. బుడగ మిగిలిన చోట పొర బలహీనమవుతుంది. కంప్యూటర్‌లో చిటికెలో ఇరుకు మూల గీసే డిజైనర్లను చూశాను, ఆ మూలలోకి రోలరు దూరదని వాళ్లకు తెలియదు.

రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ నూటికి ఒకటి రెండు పాళ్లే వేయాలి. పడవల పనిలో చేరిన తొలి ఎండాకాలం, పని త్వరగా అవుతుందని నేను కొలవకుండా వంపేశాను. డబ్బాలోనే పొగలు కక్కి రాయిలా గడ్డకట్టింది. బ్రష్షు అందులోనే ఇరుక్కుపోయింది. మేస్త్రీ ఒక్క మాట అనలేదు, ఆ రోజు కూలి మాత్రం కోసుకున్నాడు. ఇది మాత్రం నవ్వులాట కాదు: రెజిన్ త్వరగా గట్టిపడాలని వేసే కోబాల్టునూ హార్డెనర్‌నూ ఎన్నడూ నేరుగా కలపకు, మంటలు లేస్తాయి. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది వేయాలి.

అన్నట్టు, నీకు ఈత రాదు కదూ? అడ్మిషన్ కంటే ముందు అది చూసుకో.

ఈ ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కు రా. నాకు తెలిసిన మేస్త్రీ ఒక పడవ అడుగుకు మరమ్మతు చేస్తున్నాడు. పాత బట్టలు వేసుకో, రెజిన్ అంటితే వదలదు. మాస్కు నేను తెస్తాను. గ్రైండరు లేపే గాజు ధూళికి ఒళ్లంతా దురద పెడుతుంది. మధ్యాహ్నానికి కూడా నీకు ఈ చదువే కావాలనిపిస్తే, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మామయ్య