నీటి మనుషులకు మొప్పలా, ఊపిరితిత్తులా?

ప్రశ్న: కళ్యాణి డ్యామ్ అడుగున ఊరు కట్టుకున్న నీటి మనుషుల మీద కథ రాస్తున్నాను. పక్కటెముకల కింద మొప్పలు పెట్టాను, పైకి రాకుండానే బతుకుతారు. నమ్మేట్టు ఉందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మొప్పలు తీసేయండి. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 5 మిల్లీలీటర్ల పైచిలుకే. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 250 కావాలి. అంటే నీళ్లలో ఉన్నదంతా లాక్కున్నా నిమిషానికి దాదాపు 50 లీటర్లు, రెండున్నర వాటర్ క్యాన్ల నీళ్లు మొప్పల్లోంచి పోవాలి. ఈదేటప్పుడు ఇంకెన్నో రెట్లు. ఒంట్లో వేడి కూడా అక్కడే నీళ్లపాలవుతుంది. పైగా వేసవిలో వెచ్చటి పైనీళ్లు అడుగు నీళ్లతో కలవవు. కుళ్లే ఆకూ అలమూ అడుగునున్న ఆక్సిజన్ను తినేస్తాయి. మీ ఊరు సరిగ్గా అక్కడే ఉంది!

ఊపిరితిత్తులే ఉంచి సీల్ జంతువును చూడండి. అది మునిగే ముందు గాలి వదిలేస్తుంది, ఆక్సిజన్ను నెత్తురులో, కండలో దాచుకుంటుంది. అందుకే దాని మాంసం నల్లగా ఉంటుంది. ముక్కురంధ్రాలు వాటంతటవే మూసుకుని ఉంటాయి, తెరవడానికే కండ బిగించాలి. ఈ ఒక్క వివరం మీ నాయిక ముఖంలో చూపిస్తే చాలు. సముద్రంలో మునకలేసి చేపలు పట్టి బతికే ఇండోనేషియా బజావు జనానికి పొరుగువాళ్లకంటే ప్లీహం (మునిగినప్పుడు ఆక్సిజన్ మోసే ఎర్రకణాలను నెత్తురులోకి వదిలే అవయవం) దాదాపు 50 శాతం పెద్దదని 2018లో తేలింది, మనిషి ఒళ్లు ఆ దారిన మారగలదు.

ఊపిరి మారితే బతుకంతా మారుతుంది. ఒక్కో మునక పది నిమిషాలు అనుకోండి. ఇళ్లు అడుగున కాదు, సగం నీళ్లలో ఉన్న రాతి అరుగుల మీద ఉంటాయి. పొయ్యి ఒడ్డునే. పసిబిడ్డను ఊపిరికి పైకెత్తడం తల్లి మొదటి పని. మాటకు గాలి ఖర్చవుతుంది కాబట్టి రాయితో రాయి కొడతారు. నీళ్లలో శబ్దం సెకనుకు 1500 మీటర్లు పోతుంది, రెండు చెవులకూ దాదాపు ఒకేసారి తగులుతుంది. పిలుపు వినపడుతుంది గానీ ఎటునుంచో తెలియదు. కథకు ఇంతకన్నా మంచి చిక్కు దొరకదు.

ప్రశ్న: అదే ఊరిని పులికాట్‌కు మార్చవచ్చా?
– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: దాక్కోవడానికి లోతు లేదు, చాలాచోట్ల నడుములోతే. వేసవిలో కొంత మేర ఎండిపోతుంది కూడా. ఉప్పునీళ్లు మన మూత్రపిండాలు తట్టుకోలేవు. ఒడ్డున ఒక మంచినీళ్ల చెలమ పెట్టండి. రాత్రిళ్లు వాళ్లు దానికోసం రావలసిందే.