పదిమందిలో లెక్కకు రానివారు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో యూదు స్త్రీలు సబ్బాతుకు, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వారపు విశ్రాంతి దినానికి, వెలిగించే దీపాల గురించి నేను రాసిన నాలుగు వాక్యాలకు గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాలనుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ముందుగా ఒక దిద్దుబాటు. శుక్రవారం పొద్దుగుంకిన తరువాత దీపాలు వెలిగిస్తారని రాశాను. అది తప్పని బల్లార్పూర్‌నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు తెలియజేశారు. వారి మాటే నిజం. సబ్బాతు మొదలయ్యాక నిప్పు ముట్టించడం నిషిద్ధం కనుక, సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే వెలిగించడం చాలాచోట్ల ఆచారం. ఇల్లాలు దీపాలు వెలిగించి, మనం హారతి కళ్ళకద్దుకున్నట్టుగా ఆ వెలుగును మూడుసార్లు రెండు చేతులతో తనవైపు తీసుకుని, కళ్ళు మూసుకుని ఆశీర్వచనం చదువుతుంది.

ప్రశ్న: ప్రాణహిత ఒడ్డున మా ఊళ్ళో పద్నాలుగుమందిమి కలిసి బచత్ గట్ (పొదుపు సంఘం) నడుపుకుంటున్నాం. రేషన్ దుకాణంలో తూకం తగ్గుతోందని తహసీల్ కచేరీలో అర్జీ పెట్టాలనుకున్నాం. సద్దుల బతుకమ్మనాడు ఊరి ఆడవాళ్ళందరూ ఒకచోట చేరతారు కాబట్టి అక్కడే సంతకాలు, వేలిముద్రలు తీసుకుందామని నేనంటే, మా గట్‌లోని పెద్దావిడ "గౌరమ్మ దగ్గర గొడవలొద్దు, పండుగ పండుగే, అర్జీ అర్జీయే" అన్నారు. యూదు స్త్రీలకు కూడా పూజ వేరు, పోరాటం వేరేనా?
– ఒక పాఠకురాలు, సిరొంచ తాలూకా

జవాబు: వేరుగా ఉంచినవారూ ఉన్నారు, కలిపినవారూ ఉన్నారు. మీ ఉత్తరం చదవగానే నాకు కలిపినవారే గుర్తుకు వచ్చారు, ఎందుకంటే వారి తగవు కూడా తిండి ధర దగ్గరే మొదలైంది.

1902 మే నెలలో న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో, తూర్పు యూరప్‌నుంచి వలస వచ్చి ఇరుకు గదుల్లో కాపురాలు చేస్తున్న యూదు కుటుంబాలు కొనుక్కునే కోషర్ మాంసం ధర పౌనుకు 12 సెంట్లనుంచి 18 సెంట్లకు పెరిగింది. కోషర్ అంటే ధర్మశాస్త్రం చెప్పిన పద్ధతిలో కోసినది. పక్కవీధిలో చవకగా దొరుకుతోంది కదా అని వేరే మాంసం తెచ్చుకునే వీలు ఆ ఇళ్ళకు లేదు కాబట్టి, ధర పెంచినవాడు ఆడింది ఆటగా ఉండేది. మొదట చిల్లర కసాయి దుకాణాలవారే టోకు వర్తకులమీద అలిగి కొట్లు మూశారు గానీ, ఒక వారం తిరగకుండానే, ధర దిగకుండానే రాజీపడి మళ్ళీ తెరిచారు. అప్పుడు ఫానీ లెవీ, సారా ఎడెల్‌సన్ వంటి గృహిణులు గుమ్మం గుమ్మానికీ తిరిగి, కొనడం మానేద్దామని ఇరుగుపొరుగు స్త్రీలను కూడగట్టారు. మే 15న వేలమంది వీధిలోకి వచ్చారు. దుకాణాల్లోని మాంసం రోడ్డుమీద పడింది, పోలీసులు వచ్చారు, పట్టుకుపోయినవారిలో ఎక్కువమంది స్త్రీలే.

ఇంతవరకు ఏ ఊళ్ళోనైనా జరిగేదే. రెండు రోజుల తరువాత, శనివారం జరిగినదే మీ ప్రశ్నకు దగ్గరగా ఉంది. యూదు సమాజాల్లో మధ్యయుగాలనుంచి ఒక ఆచారం ఉంది: అన్యాయానికి గురైనవాడు సినగాగులో, అంటే ప్రార్థనా మందిరంలో, ధర్మశాస్త్ర గ్రంథమైన తోరా పఠనాన్ని ఆపించి, తన మొర సభ ఆలకించేదాకా చదవనివ్వకుండా నిలబడవచ్చు. ఆ శనివారం ఈ గృహిణులు తమకు కేటాయించిన చోట కూర్చోకుండా సినగాగుల్లో పురుషులున్న చోటికి నడిచివెళ్ళి, పఠనాన్ని ఆపి, మీరు కూడా మాంసం కొనకండి, మమ్మల్ని సమర్థించండి అని అడిగారు. ఒకచోట ఒకాయన లేచి, ఆడది వేదికమీదికెక్కి మాట్లాడడం తెగింపనీ, దేవుని నామానికి అపచారమనీ గద్దించాడు. తోరా నన్ను క్షమిస్తుందిలే అని ఆ ఇల్లాలు తాపీగా జవాబిచ్చింది. జూన్ మొదట్లో ధర 14 సెంట్లకు దిగివచ్చింది.

ఏడేళ్ళ తరువాత, 1909 నవంబరు 22న, అదే నగరంలో బ్లౌజులు కుట్టే కార్మికుల సభ కూపర్ యూనియన్ హాలులో జరిగింది. పెద్దలు గంటల తరబడి ఆచితూచి మాట్లాడుతుంటే విసిగిపోయిన 23 ఏళ్ళ క్లారా లెమ్లిక్ వేదిక ఎక్కి, తూర్పు యూరప్ యూదులు మాట్లాడే యిద్దిష్ భాషలో, ఇక మాటలు చాలు, సమ్మె చేద్దామని ప్రతిపాదించింది. సభాధ్యక్షుడు వెంటనే అందరిచేత కుడిచేయి ఎత్తించి, ఈ మాట తప్పితే ఎత్తిన ఈ చేయి ఎండిపోవుగాక అని ప్రమాణం చేయించాడు. యెరూషలేమును మరచిపోతే నా కుడిచేయి నేర్పు మరచుగాక అనే బైబిలులోని 137వ కీర్తన చిన్నప్పటినుంచి విన్నవారికి ఆ ప్రమాణం కొత్తది కాదు. జీతం పెంపుకోసం వేసిన ఒట్టుకు కీర్తన బలం తోడైంది కనుకనే అది అంతగా పట్టుకున్నదని నా అభిప్రాయం.

మీ పెద్దావిడ మాటను మాత్రం కొట్టిపారేయకండి. పండుగను ఎవరో ఒకరు వాడుకుంటారన్న ఆవిడ భయం ఉత్తది కాదు. బతుకమ్మలను నడుమ పెట్టి ఆట మొదలుపెట్టకముందే సంతకాలు ముగించి, ఆ అర్జీ కాగితాన్ని ఆవిడ చేతికే ఇచ్చి చదివించి చూడండి. ఏ తేదీన ఎవరికి ఎన్ని గ్రాములు తగ్గిందో ఒక వహీలో (నోటు పుస్తకంలో) రాసి అర్జీకి జతచేయండి. కచేరీలో నిలిచేది అదే.

ప్రశ్న: పదిమంది పురుషులు చేరితేగాని యూదుల సామూహిక ప్రార్థన సాగదనీ, స్త్రీ ఎంత చదువుకున్నా ఆ పదిమందిలో లెక్కకు రాదనీ చదివాను. లెక్కలోనే లేనివారు సమాజానికి అండగా నిలిచారని పొగడడం వంటింటి చాకిరీని పొగిడినట్టే కాదా?
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని, బల్లార్పూర్

జవాబు: కొంతవరకు అవును. ఆ పదిమంది సంఖ్యను 'మిన్యాన్' అంటారు. సంప్రదాయ యూదుల్లో నేటికీ అందులో పురుషులనే లెక్కిస్తారు. సంస్కరణవాద శాఖలు స్త్రీలనూ లెక్కిస్తాయి. అయితే లెక్కలో లేనివారు ఊరుకోలేదు.

హెన్రియెట్టా జోల్డ్ సంగతి చూడండి. 1912లో న్యూయార్క్‌లో 'హదస్సా' అనే స్త్రీల సంస్థను స్థాపించినవారిలో ఆవిడ ముఖ్యురాలు. హదస్సా అనేది బైబిలు కథలోని ఎస్తేరు రాణికి హీబ్రూ పేరు. మరుసటి ఏడాదే ఆ సంస్థ ఇద్దరు నర్సులను యెరూషలేముకు పంపి, ట్రకోమా అనే కంటిజబ్బుకూ, పురుళ్ళకూ సాయం మొదలుపెట్టింది. అటువంటి స్త్రీకి 1916లో తల్లి చనిపోయింది. చనిపోయినవారికోసం 'కద్దిష్' ప్రార్థన చదవవలసినవాడు కొడుకు. ఆ ఇంట్లో పుట్టినవారు ఎనిమిదిమందీ ఆడపిల్లలే. హయీం పెరెట్జ్ అనే కుటుంబ మిత్రుడు, కొడుకు స్థానంలో తాను చదువుతానని ఆదరంతో ముందుకు వచ్చాడు. మన వైపు తలకొరివి పెట్టడానికి జ్ఞాతిని వెతికే సందర్భం మీకు తెలిసినదే. జోల్డ్ ఆయనకు కృతజ్ఞతలు చెబుతూనే ఒప్పుకోలేదు. తల్లికి సమాజంతో ఉన్న సంబంధాన్ని ఇకమీదట తాను నిలబెడతానని బిడ్డ పదిమంది ఎదుట చెప్పడమే కద్దిష్ అర్థమనీ, ఆ పని తనదేననీ, తమకు కొడుకులు లేరని తల్లిదండ్రులు బాధపడగా తానెన్నడూ వినలేదనీ ఆవిడ జాబు రాసింది. ఆచారాన్ని తోసిపుచ్చకుండా, దాని అర్థాన్ని పట్టుకుని తన చోటు తాను అడిగిన ఆ ఉత్తరాన్ని యూదు స్త్రీలు ఇప్పటికీ తలచుకుంటారు.

మీరు న్యాయశాస్త్రం చదువుతున్నారు కనుక మరొకటి. యూదు ధర్మంలో విడాకులు చెల్లాలంటే భర్త తన ఇష్టంతో 'గెట్' అనే పత్రాన్ని భార్య చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆవిడ మరో పెళ్ళికి నోచుకోక 'అగూనా'గా, అంటే కట్టుబడిన స్త్రీగా, ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది. ఇజ్రాయెల్‌లో 1995లో వచ్చిన చట్టం ప్రకారం, తీర్పు తరువాత కూడా పత్రం ఇవ్వని భర్త డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా వంటివాటిని నిలిపివేయడానికీ, దేశం విడిచిపోకుండా ఆపడానికీ రబ్బీల, అంటే యూదు మతగురువుల, న్యాయస్థానాలకు అధికారం ఉంది. ఈ స్త్రీల పక్షాన పనిచేసే సంఘాలు ఎస్తేరు ఉపవాస దినాన్ని అగూనా దినంగా పాటిస్తాయి. ఎస్తేరు మూడు రోజులు ఉపవాసముండి, పిలుపు లేకుండా వెళితే మరణశిక్ష అని తెలిసి కూడా తన జనంకోసం రాజు ఎదుటికి వెళ్ళినది కాబట్టి, ఇంతకంటే తగిన దినం దొరకదు.

ప్రార్థన సంగతికి వస్తే, యెరూషలేములో యూదులు పవిత్రంగా భావించే పశ్చిమ గోడ దగ్గర 1988నుంచి ఒక స్త్రీల బృందం ప్రతి మాసారంభంలోనూ గొంతెత్తి ప్రార్థిస్తూ, తోరా చదవడానికి పట్టుబడుతోంది. యూదుల నెల కూడా మనలాగే నెలపొడుపుతో మొదలవుతుంది. ఆ రోజును స్త్రీల పండుగగా చూడడం పాత సంప్రదాయం. పూర్వం పూజకోసం బంగారు దూడను పోతపోయడానికి పురుషులు అడిగినప్పుడు స్త్రీలు తమ నగలు ఇవ్వలేదనీ, దానికి బహుమానంగా ఈ రోజు దక్కిందనీ ఒక పురాతన గాథ చెబుతుంది. 2013లో యెరూషలేము జిల్లా న్యాయస్థానం వారి ప్రార్థన నేరం కాదన్నది. 2016లో వారికి ప్రత్యేక స్థలం ఇచ్చే ఒప్పందాన్ని మంత్రివర్గం ఆమోదించి, మరుసటి ఏడాది పక్కన పెట్టింది.

ప్రశ్న: మన మహారాష్ట్రలోనే యూదులున్నారని మా పిల్లల మరాఠీ మాస్టారు చెప్పారు. వాళ్ళ ఆడవాళ్ళు ఏం చేసేవారు?
– ఒక మిర్చి వ్యాపారి, ధర్మాబాద్

జవాబు: ఉన్నారయ్యా, ఎన్నో శతాబ్దాలుగా ఉన్నారు. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెలీలు గానుగలాడి నూనె తీసేవారు. శనివారం గానుగ కట్టరు కనుక ఊరివారు 'శనివార్ తేలీ' అనేవారు. ఓడ పగిలి నవ్‌గావ్ దగ్గర ఒడ్డుకు చేరిన ఏడుగురు పురుషులు, ఏడుగురు స్త్రీలు తమ మూలపురుషులని వారి నమ్మకం. గ్రంథాలు సముద్రంలో పోయాయి, మంత్రాలు చాలావరకు మరుగునపడ్డాయి. చాలాకాలం తరువాత డేవిడ్ రహాబీ అనే యూదుడు వచ్చి, వీరు నిజంగా తనవారేనా అని తేల్చుకోవడానికి పురుషులను ప్రశ్నలు వేయలేదట. రకరకాల చేపలు తెచ్చి స్త్రీలకిచ్చి వండిపెట్టమన్నాడట. వారు రెక్కలూ పొలుసులూ ఉన్నవాటిని చట్టిలో వేసి, లేనివాటిని పక్కకు తీసేశారు. మన గోదావరి వాలుగను ఇచ్చి ఉంటే అదీ పక్కకే పోయేది. తోరా నియమం చదవడం రానివారి చేతుల్లో ఆ నియమం చెక్కుచెదరకుండా ఉంది. ఇది ఐతిహ్యమే గానీ, ఆ సమాజం తన గురించి చెప్పుకోవడానికి స్త్రీల వంటింటిని ఎంచుకోవడం నాకు నచ్చింది.

వారి 'మలీదా' ఇప్పటికీ ఉంది. మొక్కు తీరినప్పుడు, పెళ్ళికి ముందు, ప్రయాణానికి ముందు బైబిలులోని ఏలీయా ప్రవక్తను తలచుకుని చేస్తారు. తడిపిన అటుకుల్లో కొబ్బరి కోరు, పంచదార, యాలకుల పొడి కలిపి పళ్ళెంలో గోపురంలా పోసి, చుట్టూ పండ్లు పేర్చుతారు. ప్రార్థన ముగిశాక అందరికీ పంచుతారు. అలీబాగ్ దగ్గరి ఖండాలాలో ఏలీయా రథం ఆనవాలు ఉన్నదని నమ్మే బండ దగ్గరికి మొక్కుకున్నవారు వెళతారు.

ఈ సమాజంనుంచే డాక్టర్ జెరూషా ఝిరాడ్ వచ్చారు. లండన్‌లో చదివి, బొంబాయి కామా ఆసుపత్రికి అధిపతిగా పనిచేసి, 1966లో పద్మశ్రీ అందుకున్నారు. స్త్రీలూ పురుషులూ కలిసి కూర్చుని ప్రార్థించే ఉదారవాద యూదు సంఘం బొంబాయిలో మొదలుకావడానికీ ఆవిడే కారణం.

ప్రశ్న: తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారా?
– రాజురా

జవాబు: గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే చిన్న సమాజం ఉంది. సొంత సినగాగు కట్టుకుని, హీబ్రూ నేర్చుకుని, సబ్బాతు పాటిస్తారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే.

ప్రశ్న: నేను ఆరోగ్య కేంద్రంలో నర్సును. దిక్కులేని స్త్రీ చనిపోతే స్నానం చేయించడానికి మా ఊళ్ళో ఎవరూ ముందుకు రారు, చివరికి నన్నే పిలుస్తారు. యూదుల్లో ఆ పని ఎవరు చేస్తారు? డబ్బు తీసుకుంటారా?
– అహేరి తాలూకా

జవాబు: అమ్మా, ఆ పనికి వారికి ప్రత్యేకమైన సంఘమే ఉంది, పేరు 'హెవ్రా కదీషా', అంటే పవిత్ర బృందం. పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలే చేస్తారు. దేహాన్ని ఒక్కసారిగా పూర్తిగా బయటపెట్టరు; కడుగుతున్న భాగాన్ని మాత్రమే తీసి, మిగతాది దుప్పటితో కప్పి ఉంచుతారు. బోర్లా తిప్పరు. దేహం మీదుగా ఒకరికొకరు ఏ వస్తువూ అందించుకోరు, అటువైపు నడిచివెళ్ళి ఇస్తారు. కడగడం అయ్యాక ధార తెగకుండా నీళ్ళు పోసి, చేత్తో కుట్టిన తెల్లని బట్టలు తొడుగుతారు. ఆ బట్టలకు జేబులుండవు, కలిగినింటివారికైనా లేనివారికైనా ఒకే గుడ్డ. మృతురాలిని పేరుపెట్టి పిలిచి, మా చేతుల్లో ఏదైనా మర్యాద తప్పితే క్షమించు అని అడుగుతారు.

తిరిగి మేలు చేయలేనివారికి చేసే మేలు కనుక దీన్ని నిజమైన దయ అంటారు. సంప్రదాయం ప్రకారం ఈ బృందాలవారు స్వచ్ఛందంగానే చేస్తారు. చాలా ఊళ్ళలో ఆ రోజు గదిలోకి వెళ్ళినవారెవరో మృతురాలి ఇంటివారికి కూడా చెప్పరు.