జ్యూస్ దేవుణ్ణి కాసేపు పక్కన పెట్టు

అమ్మాయ్,

గ్రీసు నడక మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, ఎక్కడా తడబడలేదు. కానీ మొదటి రెండు పేజీల్లో గ్రీకు దేవతల రాజు జ్యూస్, సోక్రటీస్, అలెగ్జాండర్ అందరూ వచ్చారు, నువ్వు మాత్రం రాలేదు. స్టెమ్నిట్సా అనే ఊళ్ళో బయల్దేరి డిమిట్సానా అనే ఊరు చేరావు సరే, మధ్యలో ఆ 12.5 కిలోమీటర్లు నడిచింది ఎవరు?

ఆ దారి నాకూ తెలుసు. గ్రీసు దక్షిణాన ఉన్న పెలొపొనీస్ ద్వీపకల్పం నడిమధ్య, ఆర్కేడియా కొండల్లో వేసిన 75 కిలోమీటర్ల మెనలోన్ ట్రెయిల్‌లో అది మొదటి భాగం. ఊరు దాటాక దారి లూసియోస్ నది లోయలోకి దిగిపోతుంది. తిరకాసంతా అక్కడే ఉంది. మామూలుగా కొండ ఎక్కి దిగుతాం, ఇక్కడ ముందు దిగి, అలిసిపోయాక ఎక్కాలి. నువ్వేమో 'ప్రకృతి ఒడిలో నడిచాం' అని ఒక్క ముక్కతో సరిపెట్టేశావు. ఒడి ఎక్కడుందమ్మా అక్కడ? కాలికింద జారే రాళ్ళు, పక్కన ముళ్ళ పొదలు. నీ మోకాళ్ళనడుగు, చెబుతాయి.

అప్పుడే పుట్టిన జ్యూస్‌కి ఆ నదిలోనే స్నానం చేయించారని కథ ఉంది, నిజమే. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అటు తిరిగిన గ్రీకు యాత్రికుడు పౌసానియాస్ ఆ కథతో పాటు, అంత చల్లటి నీళ్ళు మరే నదిలోనూ లేవని కూడా రాసుకున్నాడు. నువ్వు చెయ్యి ముంచావా? ముంచితే ముందు అది రాయి. జ్యూస్ తర్వాత వస్తాడు.

దారిలో వచ్చే ప్రొడ్రోము క్రైస్తవ మఠాన్ని 'అద్భుతం' అన్నావు, అదీ మూడుసార్లు. కొండ చరియకు అంటుకుపోయిన గోడలూ, లోయ మీదికి పొడుచుకొచ్చిన చెక్క వసారాలూ ఏవీ? ఎదుటి గట్టున 963 నాటి పాత ఫిలోసోఫూ మఠం రాతిలో రాయిలా కలిసిపోయి, వెతికితే గానీ కనబడదు. కనబడిందా నీకు? కనబడకపోతే అదే రాయి, తప్పేం లేదు.

డిమిట్సానా దగ్గర మాత్రం కోపమొచ్చింది. కాఫీ బాగుందని చెప్పి ముగించేశావు! 1821లో ఒట్టోమన్ పాలన మీద తిరుగుబాటు లేచినప్పుడు మందుగుండు చేసి పంపిన ఊరది. నీటి ధారకు చక్రం తిరిగేది, చక్రం రోకళ్ళను లేపేది, కింద బొగ్గూ గంధకం సురేకారం నలిగేవి. ఆ మిల్లు ఎలా పనిచేసేదో అక్కడి జలశక్తి మ్యూజియంలో చూపిస్తారు. తూటాలు చుట్టడానికి కాగితం కావాల్సి వచ్చి ఊళ్ళో లైబ్రరీ పుస్తకాలే చింపి వాడారు. రాసేదానివి, పుస్తకాలు తూటాలైన ఊళ్ళో కూర్చుని కాఫీ గురించి రాస్తావా?

అన్నట్టు, దారిలో వేణునాదం విన్నానని రాశావు, అది కొట్టెయ్. ఆర్కేడియా అనగానే గొర్రెల కాపర్లు వేణువు ఊదుతుంటారని యూరప్ కవులు శతాబ్దాలుగా రాశారు, వాళ్ళలో చాలామంది ఆ కొండ తొక్కి ఎరుగరు. అసలు ఆర్కేడియాలో రాయి ఎక్కువ, పొలం తక్కువ. బతుకుతెరువు కోసం ఎంతోమంది అమెరికా వలసపోయారు. నువ్వు విన్నవి మేకల మెడలో గంటలే అయ్యుంటాయి.

ఏ నెలలో వెళ్ళావో వ్యాసంలో ఎక్కడా లేదు. ఏప్రిల్‌లో ఆ దారి వేరు, ఆగస్టులో వేరు. నీళ్ళ బాటిల్ ఎక్కడ ఖాళీ అయిందో కూడా చేర్చు. సంక్రాంతి లోపు తిరగరాసి పంపితే తీరిగ్గా చూస్తాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు