కంపెనీ పార్టా, బయటి పార్టా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి స్పేర్ పార్టుల మీద వచ్చిన ప్రశ్నలే తీసుకున్నాం.

ప్రశ్న: ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చాలి. మెకానిక్ మూడు డబ్బాలు చూపించాడు. ఒకదాని మీద కారు కంపెనీ పేరుంది, రెండోదాని మీద పేరున్న విడిభాగాల కంపెనీది, మూడోది ఎప్పుడూ విననిది. "రెండోది కూడా కంపెనీదే సార్, డబ్బా ఒక్కటే తేడా" అంటాడు. నిజమేనా?

జవాబు: నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్గులు, ఫిల్టర్లు, బేరింగుల్లాంటివి కారు కంపెనీలు చాలావరకు సొంతంగా తయారుచేయవు. బాష్, డెన్సో, వాలియో, మాలే, ఎస్‌కేఎఫ్ లాంటి సంస్థల చేత చేయించుకుంటాయి. ఆ తయారీదారే అదే సరుకును తన పేరుతో బయట కూడా అమ్మవచ్చు. అలాంటి పార్టుల మీద ఒక్కోసారి కారు కంపెనీ లోగో ఉండాల్సిన చోట గీకేసిన మచ్చ కనిపిస్తుంది. దాన్ని చూడగానే డూప్లికేట్ అనుకుని వెనక్కి ఇచ్చేయకండి.

అయితే ఒక మెలిక ఉంది. పేరున్న తయారీదారు మీ మోడల్‌కు ఎన్నడూ సరఫరా చేయకపోయినా, దానికి సరిపోయే ప్యాడ్ చేసి అమ్మగలడు. అది చెడ్డదేమీ కాదు, కానీ "కంపెనీదే" అనడం మాత్రం తప్పు. తేల్చుకోవాలంటే విప్పిన పాత పార్టును పారేయనివ్వకండి. మట్టి తుడిచి, వెనక రేకు మీద తయారీదారు గుర్తు, నంబరు చూడండి. అది కారుతో వచ్చిన మొదటి ప్యాడే అయితే, కొత్త డబ్బా మీద అదే తయారీదారు పేరుండి నంబరు కలిసినప్పుడు మెకానిక్ మాట నమ్మవచ్చు. మోడల్ పేరు, సంవత్సరం చెప్పి కొంటే చాలదు. ఒకే ఏడాదిలో బ్రేకుల సైజు మారిన కార్లు బోలెడున్నాయి. 17 అక్షరాల ఛాసిస్ నంబరుతోనే వెతికించండి. రాసుకునేటప్పుడు ఒక జాగ్రత్త: అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. మీకు అలా కనబడితే అవి 1, 0 అంకెలే.

ప్యాడ్ విషయంలో చూడాల్సినవి ఇంకో రెండు. ఐరోపా నియమాల ప్రకారం పరీక్షించిన ప్యాడ్ మీద సున్నా చుట్టిన ఇంగ్లీషు ఈ అక్షరం, పక్కన దేశపు అంకె, తర్వాత 90ఆర్ అని మొదలయ్యే నంబరు ఉంటాయి. ఆ గుర్తున్న ప్యాడ్ బ్రేకు పట్టు అసలు ప్యాడ్‌తో పోలిస్తే 15 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని నియమం. రెండోది, ప్యాడ్ అంచు మీద ముద్రించే రెండక్షరాల కోడ్. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడిని, రెండోది బాగా కాలినప్పటి రాపిడిని చెబుతుంది. ఇంగ్లీషు ఈ అక్షరమైతే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఎఫ్ ఉన్న పాతదాని బదులు ఎఫ్ఈ వేస్తే ఊళ్లో తేడా తెలియదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తెలుస్తుంది. ఈ కోడ్ రాపిడి సంగతే చెబుతుంది తప్ప నాణ్యత సంగతి కాదు. ప్యాడ్ ఎన్నాళ్లు మన్నుతుందో, రేకు నుంచి ఊడొస్తుందో లేదో దాన్నిబట్టి చెప్పలేం.

ఈ మూడింటిలో మా ఎంపిక: నంబరు కలిస్తే రెండో డబ్బా, కలవకపోతే మొదటిది. మూడోదాన్ని బ్రేకుల దగ్గరికి రానివ్వకండి. బిగించాక కీచుమంటే వెంటనే ప్యాడ్‌ను తిట్టకండి. పాత క్లిప్పులే మళ్లీ పెట్టారా, కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిన్నులు గ్రీజు ఆరిపోయి పట్టేశాయా, డిస్క్ అంచున మెట్టు లేచిందా చూడండి. పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి. డిస్క్ మీద చెక్కిన కనీస మందం కంటే అది అరిగిపోయి ఉంటే ఏ ప్యాడ్ వేసినా దండగ. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మెత్తగా బ్రేకు వేస్తూ ఎనిమిది పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపకండి, మధ్యమధ్య చల్లారనివ్వండి.

ప్రశ్న: లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి) బయటిది వేయించాను. ఎనిమిది నెలలకే బుష్ చిరిగింది. సర్వీస్ సెంటర్‌లో "అందుకే కంపెనీది వేయాలి" అన్నారు.

జవాబు: రబ్బరు నాసిరకం కావచ్చు. కానీ దానికంటే ముందు అడగాల్సింది బోల్టు ఎలా బిగించారని. ఈ బుష్‌లో రబ్బరు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా పట్టుబడుతుంది. ఆ తర్వాత ఆర్మ్ ఎంత ఊగినా ఆ మెలి అంతా రబ్బరే మోయాలి. బండి లిఫ్ట్ మీద ఉండగా చక్రం కిందికి వేలాడుతుంది. అక్కడే గట్టిగా బిగిస్తే రబ్బరుకు ఆ వేలాడే స్థితే సహజమైపోతుంది. బండి నేల మీదికి దిగిన క్షణం నుంచి ఆగి ఉన్నా సరే రబ్బరు మెలితిరిగే ఉంటుంది, ప్రతి గుంతకూ ఇంకాస్త తిరుగుతుంది. ఇలా బిగిస్తే కంపెనీ బుష్ కూడా ముందే చిరుగుతుంది.

సరైన పద్ధతి ఇది: లిఫ్ట్ మీద బోల్టును చేత్తో తిరిగినంత మాత్రమే బిగించి వదలాలి. బండి దింపి, లేదా ఆర్మ్ కింద జాక్ పెట్టి చక్రం మామూలుగా ఉండే ఎత్తుకు లేపి, అప్పుడు బిగువు కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పినంత బిగించాలి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు.

ఈసారి ఆర్మ్ కొనేటప్పుడు బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే కీలు) మీది రబ్బరు బూటు చూడండి. చవక ఆర్మ్‌లు తరచూ ఓడిపోయేది అక్కడే. బూటు పలచగా ఉండి చీలుతుంది, నీళ్లు చేరతాయి, గ్రీజు పోతుంది, జాయింట్ వదులవుతుంది. బాల్ జాయింట్ పూర్తిగా ఊడితే చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది కాబట్టి ఇక్కడ కూడా పేరూ ఊరూ లేని సరుకు వద్దు. మీ పాత ఆర్మ్‌లో జాయింట్ బాగుండి బుష్ ఒక్కటే పోతే, బుష్ విడిగా దొరుకుతుందేమో అడగండి. ప్రెస్ ఉన్న షాపులో ఎక్కించేస్తారు.

ప్రశ్న: ఆయిల్ ఫిల్టర్ ఏదైనా ఒకటే కదా? ఈమధ్య మార్చినప్పటి నుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు టకటకమంటోంది.

జవాబు: ఆ టకటకే మీ ప్రశ్నకు జవాబు. ఫిల్టర్ లోపల ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. ఇంజన్ ఆగినా ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపడం దాని పని. చవక ఫిల్టర్లలో ఆ రబ్బరు కొద్ది నెలల్లోనే బిరుసెక్కి మూసుకోవడం మానేస్తుంది. రాత్రంతా ఆయిల్ జారిపోయి, పొద్దున పంపు ఫిల్టర్‌ను మళ్లీ నింపేదాకా పైభాగాలకు ఆయిల్ అందదు. సిలికాన్ వాల్వు ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో అమర్చిన ఇంజన్లలో ఇది మరీ ముఖ్యం. మూతి పైకి ఉండేలా నిలువుగా వేలాడే ఫిల్టర్‌కు అంత పట్టింపు లేదు.

మంచి తయారీదారుది వేయండి, కంపెనీ డబ్బాయే కానక్కర్లేదు. కొత్త గాస్కెట్‌కు (ఫిల్టర్ మూతి చుట్టూ ఉండే రబ్బరు వలయం) ఆయిల్ రాసి, అది ఇంజన్‌కు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. పాత గాస్కెట్ ఇంజన్‌కు అతుక్కుని మిగిలిపోలేదని తడిమి చూడండి. రెండు గాస్కెట్లు ఒకదాని మీద ఒకటి పడితే దారిలో ఆయిలంతా కారిపోతుంది. ఆ తర్వాత ఇంజన్ సంగతి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఇంజన్ లైట్ వెలిగింది. ఆక్సిజన్ సెన్సర్ చవకది వేయించినా మళ్లీ వెలిగింది. కంపెనీది కొనాలా?

జవాబు: ముందు కోడ్ ఏమిటో చదివించండి. పీ0135 అయితే సెన్సర్ లోపలి హీటర్ సర్క్యూట్‌లో తేడా. అది సెన్సర్ కావచ్చు, వైరో ఫ్యూజో కావచ్చు. పీ0420 అయితే పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ పని తగ్గిందని. దానికి సెన్సర్ మార్చడం థర్మామీటర్ మార్చి జ్వరం తగ్గిందా అని చూడటమే.

సెన్సరే పోయిందని తేలితే, మీ బండికి దాన్ని మొదట సరఫరా చేసిన తయారీదారుది, అదే కనెక్టర్‌తో కొనండి. వైర్లు కోసి అతికించే "యూనివర్సల్" రకం వద్దు. ఈ సెన్సర్ పొగలోని ఆక్సిజన్‌ను బయటి గాలితో పోల్చి చెబుతుంది. చాలా సెన్సర్లు అలా పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ వైర్ల సందుల్లోంచే పీల్చుకుంటాయి. అతుకు దగ్గర సోల్డర్ పోస్తే ఆ దారి మూసుకుపోయి రీడింగ్ తప్పుతుంది. సెన్సర్లు, ఇంజన్ కంప్యూటర్‌కు లెక్కలు చెప్పే ఏ పార్టూ చవకలో వెతకాల్సినవి కావు. పూర్తిగా చస్తే కనీసం లైటన్నా వెలుగుతుంది. కొంచెం తప్పు చెప్పేది లైట్ వెలిగించకుండానే మైలేజ్ తినేస్తుంది.

ప్రశ్న: వారంటీ ఉన్న బండికి బయటి పార్టు వేస్తే వారంటీ మొత్తం పోతుందంటారు?

జవాబు: అన్నిచోట్లా అలా కాదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఇలాంటి షరతునే అడ్డుకుంటుంది. మిగతాచోట్ల వారంటీ పుస్తకంలో రాసిందీ, స్థానిక చట్టమూ చూసుకోవాలి. ఆ పార్టు వల్లే జరిగిన నష్టం మాత్రం ఎక్కడైనా మీదే. బిల్లు మీద పార్టు నంబరు, ఆరోజు కిలోమీటర్ల రీడింగ్ రాయించుకుని దాచండి.

ప్రశ్న: పాత బండ్లు విప్పి అమ్మేచోట పార్టులు కొనవచ్చా?

జవాబు: డోరు, అద్దం, సీటు, డాష్‌బోర్డు ప్లాస్టిక్కు కొనండి. రంగు కలిసిన పాత డోరు, కొత్త బయటి డోరు కంటే సందులు సమానంగా ఉండేలా సరిగ్గా కూర్చుంటుంది. బ్రేకు గొట్టాలు, బెల్టులు, రబ్బరుతో చేసినవేవీ వద్దు. టైమింగ్ బెల్ట్ అయితే ఎప్పుడూ కొత్తదే, అదీ టెన్షనర్, ఐడ్లర్‌తో (బెల్టును బిగువుగా, దారిలో ఉంచే చక్రాలు) కలిపి కిట్‌గా. బెల్టే వాటర్ పంపును తిప్పుతుంటే పంపు కూడా అప్పుడే మార్చండి. చాలా ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను వంచేస్తాయి. ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ మాత్రం కారు కంపెనీ డబ్బాలోంచి, కొత్తవే.